మామ్మగారి బొట్టు... మా కంప్యూటర్ పరుగు

నా దస్తూరీ బాగోదండి... రాతలో తప్పులు కూడా ఉంటాయి. పల్లెటూరి బడిలో పదో తరగతి దాకానే నా చదువు. కాయితం మీద రాసిస్తే మా మనవరాలు ఇక్కడ పెడుతోంది. మన్నించాలి.

మా చిన్నప్పుడు... అంటే మరీ లాగూల వయసు కాదు లెండి, నాకు ఇరవై నాలుగు... అమలాపురంలో ఓ మేడ మీద టైపు ఇనిస్టిట్యూట్లో పనిచేసేవాణ్ణి. హాల్లో టైపు మిషన్లు టకటకమంటుంటే, మూల గదిలో తెల్ల దుప్పటి కప్పుకుని మా కంప్యూటర్ ఉండేది. చెప్పులు బయట విప్పి లోపలికెళ్ళాలి. దాన్ని ముట్టుకునేది ఇద్దరమే... ఓనరు మాస్టారూ, నేనూ.

చాలా నెమ్మది మనిషండి అది. మూడొందల మంది పిల్లల పేర్లు అక్షరాల వరసలో పెట్టమంటే, నేను కిందకెళ్ళి టీ తాగి వచ్చినా ఇంకా ఆలోచిస్తూనే ఉండేది. అందుకని మాస్టారు రాజమండ్రి నుంచి ఇంజనీరు గారిని పిలిపించి కొత్త ప్రాసెసర్ వేయించేరు. గురువారం సాయంత్రం పరీక్ష చేస్తే... నేను మెట్లు దిగుతుండగానే మాస్టారి కేక. "సత్యం, వచ్చెయ్! అయిపోయింది!" టీ మానేసి పరిగెత్తుకొచ్చేను.

శుక్రవారం పొద్దున్న మాస్టారి అమ్మగారు... మేమంతా మామ్మగారనేవాళ్ళం... గంధం గిన్నె, కుంకం భరిణె పట్టుకుని పైకొచ్చేరు.

"కొత్త గుండె పెట్టించేవటగా దీనికి. బొట్టు పెట్టకపోతే ఎలాగరా?"

"పెట్టమ్మా. ఆ ఎర్ర బటన్ మీద మాత్రం వద్దు. అది నొక్కితే చేసిందంతా పోద్ది."

"నాకు తెలీదేంట్రా!"

తెరకి ఒకటి, కింద డబ్బాకి నాలుగు... గంధం అద్ది, వేలితో గట్టిగా నొక్కి మరీ పెట్టేరు. మా ఇద్దరి కళ్ళూ ఆ ఎర్ర బటన్ మీదే కాపలా.

ఆవిడ కిందకి దిగేరు... మిషను మళ్ళీ మొదటికొచ్చింది. నేను టీ తాగేను, గ్లాసు కడిగిచ్చి మరీ వచ్చేను... అవలేదు.

ఫ్యాను నీరసంగా తిరిగినా, మోటారు నీళ్ళు తోడకపోయినా మాకు తెలిసిన జబ్బు ఒకటే... ఓల్టేజి. మాస్టారు పక్కనున్న నూనె మిల్లుకి వెళ్ళేరు. "ఏమీ అనుకోకపోతే ఓ పావుగంట మిల్లు ఆపుతారేంటండీ... మా కంప్యూటర్ పరిగెట్టలేకపోతోంది."

"ఆయ్, దానికేముందండీ!" అని మిల్లాయన మిల్లు ఆపించి, పనివాళ్ళందర్నీ వెంటేసుకుని చూడ్డానికి మేడెక్కేరు. వీధిలో ఫ్యాన్లన్నీ జోరందుకున్నాయి... మా కంప్యూటర్ తప్ప. "ఇంతమందిని చూసి బెదిరింది లెండి" అని మిల్లాయనే మాస్టార్ని ఓదార్చేరు.

అందరికన్నా ఎక్కువ బెంగ నాదే. ఎందుకంటే ఆదివారం పెళ్ళిచూపులు... నాక్కాదు, కంప్యూటర్‌కి!

రత్నం మా దగ్గరే టైపు లోయరు పరీక్ష పాసయింది. ఏడు నెలలు నా ఎదురుగా కూచుని నేర్చుకుంటే, "రిబ్బన్ మార్చేనండి" అని తప్ప ఒక్క మాట అనలేదు నేను. నా మొహంలో ఏం చదివేరో... మామ్మగారే మధ్యవర్తిగా మలికిపురంలో వాళ్ళ నాన్నగారితో మాటాడేరు. ఆయన కొబ్బరికాయల వర్తకులు. "కుర్రాడు బుద్ధిమంతుడేనండి. కానీ ఆ మిషను చేత్తో రాసేవాడి కన్నా నెమ్మదని విన్నాను. రేపు దాన్ని వెనక్కి పంపేస్తే ఇతని పనేంటి? ముందు దాని పరుగు చూస్తాను" అన్నారట.

అన్నట్టే పెద్దాయన వచ్చేరు. గొడుగు మూల పెట్టి, మానిటర్ని పక్కన వేలి కణుపుతో కొట్టి, కాయలో నీళ్ళు చూసినట్టు చెవి పెట్టి విన్నారు.

"లోపల బానే ఉన్నట్టుందండి. ఏదీ, చెయ్యి బాబూ."

మీట నొక్కేను. తెర మీద ఏమీ లేదు. ఆయన చేతి గడియారం చూసుకున్నారు.

"వరసలో పెడుతోందా?"

"ఆయ్... పెడుతోందండి."

"మా గుమాస్తా ఈపాటికి పెట్టేసేవాడు."

మాస్టారు "ఓల్టేజండి..." అన్నారు. ఆదివారం, మిల్లుకి సెలవు. పెద్దాయన తలెత్తి గిరగిరా తిరుగుతున్న ఫ్యాను కేసి చూసేరు. గొడుగు అందుకున్నారు. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది.

సరిగ్గా అప్పుడు మామ్మగారు గంధం గిన్నెతో మెట్లెక్కేరు. "శుభమా అని సంబంధం మాటాడుకుంటూ, పెళ్ళికొడుకు ఉద్యోగానికి బొట్టు లేకుండానా!"

పాత బొట్ల మీదే కొత్తవి నొక్కుతూ పోయేరు. ఎర్ర బటన్ పక్కనున్న చిన్న బటన్ దగ్గర టక్‌మని చప్పుడు... గంధం చాటునుంచి ఆవగింజంత దీపం వెలిగింది. ఇంకో నిమిషం గడవకుండా తెర మీద పేర్లు జరజరా దిగిపోయేయి... వరసలో!

పెద్దాయన గొడుగు మళ్ళీ మూల పెట్టేరు. "అమ్మగారి చెయ్యి మంచిదండి... ముహూర్తం చూడండి."

సాయంత్రం ఒక్కణ్ణే ఉన్నప్పుడు గోరుతో గంధం గీరి చూసేను. కింద ఇంగ్లీషులో టర్బో అని ఉంది. ఓసారి నొక్కితే పరుగు, మళ్ళీ నొక్కితే నడక. గురువారం ఇంజనీరు గారు నొక్కి వెళ్ళేరు. శుక్రవారం మామ్మగారు నొక్కేరు.

చెబుదామనే కిందకి దిగేను. అరుగు మీద మామ్మగారు మిల్లాయనతో అంటున్నారు. "ఇంజనీరు వల్ల కానిది నా బొట్టుతో అయ్యిందయ్యా." ఆవిడ మొహం చూసి... మళ్ళీ పైకెక్కి ఆ బటన్ చుట్టూ గంధం పూసేసేను.

ఆవిడ ఉన్నన్నాళ్ళూ ప్రతి శుక్రవారం బొట్టు పెట్టేవారు. ఆవిడ దిగి వెళ్ళేక నేను ఇంకోసారి నొక్కేవాణ్ణి. రత్నానికి కూడా పెళ్ళైన ఆరేళ్ళకి గానీ చెప్పలేదు. "అయితే ఆ పూట మామ్మగారు రాకపోయుంటేనో?" అంది.

మొన్న మా మనవరాలు కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుంది. డబ్బా విప్పింది, గదిలోకి పట్టుకుపోయింది... ఇంటికి కొత్త మిషనొచ్చిన సంగతి మాకు మూడ్రోజులకి తెలిసింది. చాలా స్పీడంట...

మీ ఊరికి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు ఎవరేం చేసేరో రాయండి. కాస్త తొందరగా రాయండేం... రత్నం కూడా వింటానంటోంది.