పెదవులు ఆమెవి, గొంతు ఈమెది

న్యూజెర్సీలోని ఎడిసన్ ఊళ్లో మా పక్కింటి అమెరికన్ పెద్దావిడకు తొంభై దాటాయి. పడుచు వయసులో హాలీవుడ్ మ్యూజికల్స్‌లో ఒక పెద్ద హీరోయిన్‌కు పాడానని ఒకరోజు టీ తాగుతూ చెప్పింది. నేను సంబరపడిపోయి, "అయితే టైటిల్స్‌లో మీ పేరు ఎన్నిసార్లు చూసుకుని ఉంటారో!" అన్నాను. మన సినిమాల్లో పెదవులాడించేది ఒకరు, పాడేది ఇంకొకరని చిన్నపిల్లలకూ తెలుసు. పాడినవాళ్ల పేరు చూసే కేసెట్లు కొనేవాళ్లం. అక్కడా అంతేననుకున్నాను.

ఆవిడ ముఖం మాడిపోయింది. వాళ్ల దగ్గర ఆ సంగతి బయటికి పొక్కకూడదట. హీరోయినే పాడిందని జనం నమ్మాలట. ఈవిడ పాటకు ఆ హీరోయిన్ ఊరూరా సన్మానాలు చేయించుకుంది. ఎవరైనా ఈవిడ గురించి అడిగితే, "కోరస్‌లో ఎవరో ఉండేదిలే" అనేసేదట.

"నేను పోయేలోపు ఆ గొంతు నాదని జనానికి తెలియాలి. అదీ ఆమె ఎదురుగానే తెలియాలి," అంది.

నాకు ఒళ్లు మండింది. నేను చేసిన పనిని మా మేనేజర్ ఆన్‌లైన్ మీటింగుల్లో తనదిగా చెప్పుకుంటుంటే, వీసా భయంతో మ్యూట్‌లో కూర్చుని పళ్లు కొరుక్కునే మనిషిని నేను. ఈవిడకు ఏ వీసా భయమూ లేదు కదా! అందుకే ఆనాటి నటులూ డాన్సర్లూ అందరూ కలుస్తున్నారని ఆవిడకు ఆహ్వానం వచ్చినప్పుడు, నేను తీసుకెళ్తానన్నాను.

"మనకెందుకే ఆ గొడవ? డ్రాప్ చేసి వచ్చేయ్," అన్నాడు మా ఆయన.

"రాను. ఫ్రంట్ రోలో కూర్చుని చూస్తా," అన్నాను.

ఆ కలయిక న్యూజెర్సీలోనే ఒక పాత థియేటర్‌లో జరిగింది. వేదిక నిండా వాకర్లు, చేతికర్రలు. అయినా ఒక్కరి లిప్‌స్టిక్ కూడా చెక్కు చెదరలేదు. హీరోయిన్‌ను ముందు వరసలో నడిమధ్య కూర్చోబెట్టారు. మా పెద్దావిడకు కోరస్ వాళ్ల వరసలో, సరిగ్గా ఆమె వెనకే కుర్చీ, ముందో మైకు.

పాత పాట తెర మీద వేశారు. చప్పట్లు ఆగాక జనంలోంచి ఎవరో, రెండు లైన్లు పాడమని హీరోయిన్‌ను అడిగారు. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. వెనక్కి వంగి మా పెద్దావిడ చెవిలో ఏదో అంది. ఏమందో తర్వాత ఈవిడే నాకు చెప్పింది. "ప్లీజ్, అప్పట్లాగే."

వెలుగు హీరోయిన్ మీద మాత్రమే ఉంచారు. వెనక చీకట్లోంచి మా పెద్దావిడ పాడింది. గొంతు కాస్త వణికింది గానీ శ్రుతి తప్పలేదు. హీరోయిన్ లేచి, చేతులు చాచి పెదవులాడించింది. పాత అలవాటు, ఒక్క అక్షరం తేడా రాలేదు. జనం కళ్లు తుడుచుకుంటున్నారు. నేను కుతకుతలాడిపోయాను. పగ తీర్చుకోవడమంటే మళ్లీ ఊడిగం చేయడమా అని ఆవిడ మీదే కోపం వచ్చింది.

పాట పై స్థాయికి చేరింది. హీరోయిన్ తలెత్తి నోరు బారెడు తెరిచింది. సరిగ్గా అప్పుడు మా పెద్దావిడ పాడడం ఆపేసింది.

నోరు తెరిచే ఉంది, చప్పుడు లేదు. హీరోయిన్ కంగారుగా వెనక్కి తిరిగింది. ఆమె ఎటు చూస్తే హాలంతా అటే చూసింది, లైటూ అటే తిరిగింది. అప్పుడు మా పెద్దావిడ మైకు పట్టుకుని లేచింది. ఆమె కళ్లలోకే చూస్తూ, ఆపిన చోటు నుంచి అందుకుని చివరిదాకా పాడింది.

నాకు రవ్వంత జాలి కూడా కలగలేదు. చప్పట్లు మొదలుపెట్టింది నేనే. ఈల కూడా వేశాను. హీరోయిన్ కుర్చీలో కూలబడింది.

కారులో ఆవిడకు సీటు బెల్టు పెడుతూ, "ఇప్పటికైనా చల్లారిందా?" అని అడిగాను.

"లేదు," అంది. "అంతసేపు నోరు తెరుచుకునే ఉంది కదా. నా పేరు ఒక్కసారి చెప్పలేకపోయిందా?"