ఆగస్టులో చూసిన ఇల్లు

ఆ రోజుల్లో లోకంలో నాకు తెలియని విషయం అంటూ ఒకటి ఉండేది కాదు. తెలియనివన్నీ ఆ తర్వాత ఒక్కొక్కటిగా నా ఇంటికే వచ్చి పరిచయం చేసుకున్నాయి. యానాం నుంచి పుదుచ్చేరికి సర్కారీ గుమాస్తాగా వచ్చి అప్పటికి రెండేళ్ళు. ఇరవై తొమ్మిదేళ్ళ వయసు, కొత్త కాపురం, వచ్చీ రాని తమిళం. వైట్ టౌన్ కాలవకి ఇవతల ఒక పాత ఇంట్లో కింది వాటా అద్దెకి తీసుకున్నాం. సముద్రం దగ్గర కదా అని తెగ మురిసిపోయాను గానీ, ఆ సముద్రం గోడల్లోకి కూడా వస్తుందని తెలియదు. గోడకి చెయ్యి ఆనిస్తే ఉప్పు అంటుకునేది. మా ఆవిడకి చిన్నప్పటినుంచీ ఆయాసం. ఆ చెమ్మకి అది ముదిరింది. దిండ్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని కూర్చునే నిద్రపోయేది. పక్కన పడుకున్న నాకు ఆవిడ ఛాతీలోంచి సన్నగా ఈల వినబడేది. డాక్టరుగారు చీటీ రాసిస్తూ, "మందులు నేనిస్తాను, పొడి ఇల్లు మాత్రం మీరే ఇవ్వాలి" అన్నారు. ఆ మాట నేను భీష్మప్రతిజ్ఞలా పట్టుకున్నాను. ఏడాది తిరిగేలోగా నిన్ను సొంత ఇంట్లో, పొడి ఇంట్లో కూర్చోబెడతానని మాటిచ్చాను. ఆవిడ నమ్మింది. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మా ఆఫీసు సూపర్నెంటుగారు ఇళ్ళు కొనే విషయంలో ఘనాపాఠి. తాకట్లేమీ లేవని ముప్పై ఏళ్ళకి ఈసీ తీయించు, పాత యజమానుల తల్లి దస్తావేజు చూడు, పట్టా ఎవరి పేర ఉందో చూడు, అన్నిటికన్నా ముఖ్యం, వానల్లో చూసి కొను అని చెప్పారు. నేను తు.చ. తప్పకుండా పాటించాను. రెడ్డియార్‌పాళయం అవతల ఒక వీధిలో, రెండు గదులు, వంటిల్లు, చిన్న పెరడు ఉన్న ఇల్లు దొరికింది. అమ్మేది ఒక రెడ్డియార్ పెద్దాయన. వాళ్ళ తాతల తాతలు ఎప్పుడో తెలుగుదేశం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. తెలుగు చక్కగా మాట్లాడతాడు, చదవడం మాత్రం రాదు. నాకు తెలుగువాడు దొరికాడన్న సంబరంలో మొదటిరోజే "మావయ్యగారూ" అని వరస కలిపేశాను. కాయితాలన్నీ పట్టుకెళ్ళి పది రోజులు పరీక్షించాను. కాయితాల్లో ఒక్క మచ్చ లేదు. అవి చాలా పొడిగా ఉన్నాయి.

ఇక వాన పరీక్ష. ఇక్కడే నా యానాం బుర్ర పనిచేసింది. మా ఊళ్ళో నీళ్ళంటే ఆగస్టు. గోదావరి పొంగిందంటే వీధుల్లో పడవలు తిరుగుతాయి, పొయ్యి అటక మీదకి ఎక్కుతుంది. వానాకాలం అంటే ఆగస్టు అన్నది నాకు అమ్మ నేర్పిన అక్షరాలతో పాటు వచ్చిన జ్ఞానం. కాబట్టి ఆగస్టులో ఒక సాయంత్రం ఉరుములతో అరగంట వాన పడగానే, గొడుగు, ఆఫీసు అడుగుబద్ద, ఒక నోటుపుస్తకం పట్టుకుని బస్సెక్కి ఆ ఇంటికి పరుగెత్తాను. పెరట్లో మూడు చోట్ల బద్ద దించి కొలిచాను. పెద్దాయన అరుగు మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఏంది నాయనా, కొలస్తా ఉండావు?"

"వరద మావయ్యగారూ."

"వరదా? ఇప్పుడా?" ఆయన ఆకాశం వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ ఆకాశం వంక చూశాడు. "సరి, సరి. కాపీ తాగుతావా?"

కాఫీ తాగుతూ ఆయనకి గోదావరి గురించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. నీళ్ళ సంగతి మాకు ఒకరు చెప్పక్కర్లేదన్నాను. ఎదురింటి అక్క కూడా గుమ్మంలో నిలబడి వింది. (ఇల్లు కొనబోయేవాళ్ళకి నా మొదటి సలహా ఇదే. ఆ ఇంటికి వెళ్ళినప్పుడు మీరు తక్కువ మాట్లాడండి. మీరు నోరు మూసుకుంటేనే వీధి నోరు తెరుస్తుంది.) ఇల్లంతా తిరిగి చూసి అన్నిటికీ నేనే అర్థాలు చెప్పాను. ప్లగ్గులన్నీ భుజం ఎత్తులో ఉంటే, పిల్లలకి అందకుండా ఎంత ముందుచూపు అన్నాను. గుమ్మానికి అడ్డంగా మోకాలెత్తు సిమెంటు దిమ్మ ఉంటే, పాములు రాకుండా కదా అన్నాను. గదుల్లో గోడలకి కింద అడుగున్నర మేర ముదురు ఎర్రరంగు వేసి ఉంటే, అంచు చీరలా ఎంత కళగా ఉందో అన్నాను. పెద్దాయన ఒక్కదానికీ అవుననలేదు, కాదనలేదు.

బేరం కుదిరాక ఆయనే ఒక మాటన్నాడు. "దీపావళి పోనీ నాయనా. ఐప్పశి నెల గడిచినాంక రాసుకుందాం. ఇల్లు యాడికి పోతుంది?"

నాకు వెంటనే అర్థమైపోయింది (ఆ రోజుల్లో నాకు అన్నీ వెంటనే అర్థమయ్యేవి). ఇంకెవరో ఎక్కువిస్తామని ఉంటారు, ముసలాయన నాన్చుతున్నాడు. శ్రావణం దాటితే భాద్రపదం శూన్యమాసం, గృహప్రవేశానికి పనికిరాదు, మా ఆవిడ ఆరోగ్యం ఆగదు అని వెంటపడ్డాను. ఆయన తల వంచుకుని కాసేపు కాలివేళ్ళు చూసుకున్నాడు. "నీ ఇష్టం నాయనా" అన్నాడు. శ్రావణంలోనే పాలు పొంగించాం.

నిజం చెప్పాలి, ఆ తర్వాత రెండు నెలలూ మా జీవితంలోకెల్లా మంచి రోజులు. మా ఆవిడ పప్పులో మిరపకాయ పోపు వేసి కూడా దగ్గలేదు. పడుకుంటే ఈల లేదు. ఒక్క దిండు మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతుంటే నేను పక్కన కూర్చుని, ఇది నేను చేసిన పని అని చూసుకునేవాణ్ణి. దీపావళి ముందు వీధిలో ఒక వింత కనబడింది. అందరూ మంచాలూ, బీరువాలూ, ఫ్రిజ్జులూ ఇటుకల మీదకి ఎత్తుతున్నారు. ఎందుకని మా ఆవిడ అడిగితే, "ఇక్కడివాళ్ళ ఆచారం, పండక్కి కింద బూజు దులుపుకుంటారు" అని చెప్పాను. మనమూ నాలుగు ఇటుకలు తెచ్చుకుందామా అందావిడ. మన ఆచారం కాదు కదా అన్నాను.

పండగ వెళ్ళిన వారానికి, తమిళులు ఐప్పశి అని పిలిచే అక్టోబరు-నవంబరు నెలలో, మూడు రోజులు ఆగకుండా కురిసింది. ఇక్కడి అసలు వానాకాలం అదేనట. అది ఆగస్టు వాన లాంటిది కాదు. ఆకాశం కిందకి దిగి మా పెరట్లోనే కాపురం పెట్టింది. నాలుగో రోజు తెల్లవారి నేను గుమ్మం దగ్గర గోనెసంచులు పేర్చి, గోదావరి బిడ్డణ్ణి నేనుండగా ఎలా వస్తుందో చూస్తానని నిలబడ్డాను. నీళ్ళు గుమ్మం వైపు రాలేదు. వెనక స్నానాలగది తూములోంచి నల్లగా బుడబుడమంటూ వచ్చాయి. అరగంటలో మంచం పట్టె దాకా వచ్చాయి. ఆ ఎర్రరంగు అంచు ఎందుకు వేశారో అప్పుడు తెలిసింది. నీళ్ళు సరిగ్గా ఆ గీత దగ్గర ఆగాయి, ఒక్క అంగుళం తేడా లేదు. మా ఆవిడ భోజనాలబల్ల మీద కూర్చుంది. మురుగువాసనకి ఆవిడకి ఊపిరి అందడం లేదు. ఛాతీలో ఈల కాదు, రంపం కోసినట్టు చప్పుడు. నేను బక్కెట్టుతో తోడుతున్నాను. ఎక్కడికి తోడుతున్నానో నాకే తెలియదు, బయట కూడా అవే నీళ్ళు. ఎదురింటి అక్క చీర మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకుని వచ్చింది.

"ఏంది సార్, సామాను పైన పెట్టలేదా? ప్రతి ఐప్పశికీ వస్తాయి గదా. తెలిసే కొన్నారనుకుంటిమి. మీరు గోదావరి ఆళ్ళు గదా!"

అక్క భర్త, నేనూ కలిసి మా ఆవిణ్ణి కుర్చీతో సహా ఎత్తుకుని పెద్దరోడ్డు దాకా మోశాం. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంది. మొదటి రెండు రోజులు డాక్టరు నా ముఖం చూసి మాట్లాడలేదు. ఆ వరండాలో కూర్చుని నేను ఏడ్చాను. భయంతో కొంత, సిగ్గుతో ఎక్కువ.

ఆవిడకి కాస్త నెమ్మదించాక, లాస్‌పేటలో చెల్లెలి ఇంట్లో ఉంటున్న పెద్దాయన మీదకి యుద్ధానికి వెళ్ళాను. మోసం అన్నాను, నా భార్య చావు దాకా వెళ్ళొచ్చిందన్నాను, వీధి వినేలా అరిచాను. ఆయన అరవలేదు. లేచి నిలబడబోయి నడుం పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు.

"దీపావళి పోనీ అని చెప్తిని గదా నాయనా."

"నీళ్ళొస్తాయని నోరు తెరిచి చెప్పచ్చుగా!"

"సగం చెప్తిని. మిగతా సగం నువ్వు అడగలేదు. అడిగుంటే చెప్పుందును. అబద్ధం రాదు నాకు." నడుం నిమురుకుంటూ, "ముప్పై ఏండ్లు తోడితిని ఆ నీళ్ళు. నడుము పొయ్యింది. అందుకే అమ్మితిని. బిడ్డకి ఎట్లుండాది?" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు తిట్లు ఇంకా మిగిలే ఉన్నాయి గానీ వాడబుద్ధి కాలేదు. నిజంగానే, నేను ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మా ఆవిణ్ణి యానాంలో పుట్టింటికి పంపించి, ఇల్లు అమ్మకానికి పెట్టాను. ఎండాకాలం వచ్చేసరికి ఇల్లు మళ్ళీ ముద్దుగా తయారైంది. బ్రోకరు ఒక డబ్బా ఎర్రరంగు తెచ్చుకోమన్నాడు. తెచ్చుకున్నాను. దాచిపెట్టి లాభం లేదు, వేశాను కూడా. వేసిన సాయంత్రం యానాం ఫోన్ చేసి, జూన్ లోపల అమ్మేస్తాను, నువ్వేం దిగులు పడకు అన్నాను.

"కొనేవాళ్ళకి చెబుతున్నారా అండీ?"

"అడిగితే చెబుతాను."

"నాకు ఆయాసం అలవాటే. ఇంకో ఆడమనిషికి కొత్తగా ఎందుకు?" అంది. అంతే, ఫోన్ వాళ్ళమ్మకి ఇచ్చేసింది.

మర్నాటి నుంచి వచ్చినవాళ్ళకల్లా అడగకముందే చెప్పడం మొదలుపెట్టాను. రండి కూర్చోండి అనే ముందే, ఐప్పశిలో ఇక్కడిదాకా నీళ్ళొస్తాయి అని ఎర్రగీత చూపించేవాణ్ణి. కొందరు కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఒకాయన నేను వేరే ఎవరికో తక్కువకి అమ్మడానికి నాటకం ఆడుతున్నానని అనుమానపడ్డాడు. బ్రోకరు నాతో మాట్లాడ్డం మానేశాడు. (అమ్మేవాళ్ళకి సలహా అడిగితే నేను చెప్పగలిగింది ఒక్కటే. నిజం చెబితే ఇల్లు ఆలస్యంగా అమ్ముడవుతుంది, తక్కువకి అమ్ముడవుతుంది. దానికి విరుగుడు నాకు తెలియదు.) చివరికి, ఇల్లు పడగొట్టి స్తంభాల మీద వాటాలు కట్టుకునే మేస్త్రీ ఒకాయన, నేను చెప్పిందంతా తల ఊపుతూ విని, నేను కొన్నదానికన్నా బాగా తక్కువకి తీసుకున్నాడు. సొంత ఇల్లు అన్న ముచ్చట అక్కడితో తీరిపోయింది.

ఈసారి తప్పు చేయకూడదనుకున్నాను. లాస్‌పేటలో రెండో అంతస్తులో ఒక వాటా అద్దెకి తీసుకున్నాను. నైరుతి, ఈశాన్యం, ఏ వాన వచ్చినా సరే, అక్కడికి నీళ్ళు రావాలంటే ముందు ఊరంతా మునగాలి. గోడలన్నీ అరచేత్తో తడిమి చూశాను, వాసన చూశాను, కింది వాటా ముసలమ్మని నలభై ప్రశ్నలు అడిగాను. మా ఆవిడ యానాం నుంచి వచ్చిన రోజు ఆటో దిగగానే పెట్టె లాక్కుని నేను ముందు పైకి పరుగెత్తి, తలుపు బార్లా తెరిచి, చేతులు కట్టుకుని గర్వంగా నిలబడ్డాను. ఎంతసేపటికీ ఆవిడ రాదు. కిందకి దిగి చూస్తే మొదటి మలుపు దగ్గర మెట్టు మీద కూర్చుని, కమ్మీ పట్టుకుని ఊపిరి కోసం తంటాలు పడుతోంది. ముప్పై ఎనిమిది మెట్లు. ఆ నలభై ప్రశ్నల్లో మెట్ల గురించి ఒక్కటీ లేదు. నేను పక్కన కూలబడ్డాను.

ఊపిరి కాస్త అందాక ఆవిడ, "మీరు నీళ్ళొక్కటే చూశారా అండీ?" అంది. దెప్పడానికి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నా ముఖం ఎలా ఉందో ఏమో, చూసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతో దగ్గు, దగ్గుతో నవ్వు. అలా ఆగి ఆగి పైకి చేరాక, లోపలికి అడుగు పెట్టి ముందు గోడ మీద చెయ్యి వేసింది. చాలాసేపు అలాగే ఉంచింది. "పొడిగానే ఉంది" అంది, నాతో కాదు, గోడతో.

ఇప్పటికీ అదే వాటాలో ఉన్నాం. ఆవిడ నెలకి ఒకసారి దిగితే గొప్ప. కూరగాయలు తాడు కట్టిన బుట్టలో పైకి వస్తాయి. సముద్రం చూసి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తు లేదు. ఐప్పశి వానల్లో కిటికీ దగ్గర ఒక్క దిండు వేసుకుని మధ్యాహ్నం నిద్రపోతుంది, ఈల వినబడదు. అది చాలా, చాలదా అని నేను ఆవిణ్ణి ఇంతవరకూ అడగలేదు. ఈ మధ్య ఆ మెట్ల మలుపు దగ్గర నా మోకాళ్ళు కూడా ఆగమంటున్నాయి. సంచీ పక్కన పెట్టి అక్కడే కూర్చుంటాను. పెరట్లో అడుగుబద్ద పట్టుకుని నిలబడ్డ ఆ ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రాడు గుర్తొచ్చి, పాపం వెధవ, ఎంత ప్రేమగా కొలిచాడో అని నవ్వుకుంటాను. పైనుంచి ఆవిడ, "ఎక్కడిదాకా వచ్చారండీ?" అని అడుగుతుంది. వస్తున్నానంటాను. రాకపోతే దిగి వచ్చేస్తుందని భయం, అందుకే లేస్తాను.