ఏమిటి

శంషాబాద్ పాత బజారులో మా నాటకాల హాలు తాతల నాటిది. రేకుల కప్పు. విమానం మీదుగా పోతే ఒక్క ముక్క వినబడదు. అందుకే ఎయిర్‌పోర్టు వచ్చినప్పటి నుంచి ఇక్కడి నటులకు ఒక అలవాటుంది. ఎక్కడివాళ్లక్కడ బొమ్మల్లా ఆగిపోయి, చప్పుడు తగ్గాక మళ్లీ మాట అందుకుంటారు.

ఈ చలికాలం వరసగా వేస్తున్న నాటకాల్లో మొదటిదాంట్లో నాది పనిమనిషి వేషం. యజమానురాలిది పుస్తకాల తెలుగు, నాది మా యాస. రిహార్సల్లో ఎవరూ నవ్వడం లేదని "ఏంది" అన్న మాటను సాగదీసింది నేనే. నా కక్కుర్తికి ఇంకెవర్నీ అనడానికి లేదు.

నాటకం రోజున "ఏందమ్మా, గిట్లంటవ్?" అనగానే మా ఊరివాళ్లే గొల్లున నవ్వారు. సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. నడుం మీద చెయ్యి, తెరిచిన నోరు, అలాగే ఆగిపోయాను. ఎదురుగా ముందు వరసలో నన్ను పెంచిన మా పెద్దమ్మ కూర్చుని ఉంది. నడుం మీద ఆ చెయ్యీ ఆమెదే, ఆ మాటా ఆమెదే. అందరూ నవ్వుతున్నారు, ఆమె నవ్వడం లేదు. చూపు తిప్పుకుందామంటే కదలకూడదు.

ఇంటికొచ్చాక తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. కంచంలో అన్నం వడ్డించి, పరాయివాళ్లతో మాట్లాడినట్టు తడబడుతూ అడిగింది.

"ఏమిటి, ఇంకొంచెం అన్నం పెట్టనా?"

ఆమె నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు.