అమ్మ వదిలిన మామిడి, నేను వదిలిన స్ట్రాబెర్రీ

మా చిన్నప్పుడు... వేసవి వస్తే మంచం కింద వరిగడ్డి పరిచి మామిడికాయలు మాగవేసేవారు. గది తలుపు తీస్తే చాలు, ఇల్లంతా వాసన.

పండినవి అమ్మ ఏరి తెచ్చేది. ముందు దేవుడి దగ్గర ఒకటి. తర్వాత కత్తిపీట ముందు కూర్చుని మాకు కోసేది... చెల్లికీ నాకూ చెక్కలు, తమ్ముడికి టెంక. ముంజేతి మీదికి కారిన రసాన్ని కొంగుతో తుడుచుకునేది తప్ప నాలుక్కి తగలనిచ్చేది కాదు.

అమ్మ మామిడిపండును కాశీలో వదిలేసింది. అక్కడికి వెళ్లినవాళ్లు ఒక కాయ, ఒక పండు గంగమ్మకు వదిలి రావాలి. ఇక జన్మలో ముట్టకూడదు.

ఇష్టం లేనిది వదలొచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"ఇష్టం లేనిది వదిలితే ఇచ్చిందేముందే?" అంది.

మేం తింటుంటే మాత్రం మా మొహాలే చూస్తూ కూర్చునేది. ఎందుకో అప్పట్లో తెలియదు...

నిరుడు అమ్మ అస్థికలు కలపడానికి మేం ముగ్గురం కాశీ వెళ్లాం. ఏం వదులుతారని పంతులుగారు అడిగారు. తమ్ముడు కాకరకాయ, రేగుపండు అన్నాడు. వాడు రెండూ ఏనాడూ తినలేదు. చెల్లి వాసనే పడని పనసపండు చెప్పింది. నా వంతు వచ్చేసరికి తమ్ముడు చెవిలో, "నేరేడు అనెయ్ అక్కా. మీ సిడ్నీలో ఎలాగూ దొరికి చావదు" అన్నాడు.

నాకు శనివారం సంత గుర్తొచ్చింది. సిడ్నీ శివార్లలోని క్వేకర్స్ హిల్‌లో కాపురం పెట్టిన కొత్తలో, ఊరు కాని ఊళ్లో నాకు మొదట నచ్చింది ఆ సంతే. అక్కడ వేసవి డిసెంబరులో కదా, ఆ ఎండ మొదలవగానే రైతులు తెచ్చే చెర్రీలు, పీచ్‌లు, లేత చిక్కుళ్లు... అన్నిటికన్నా స్ట్రాబెర్రీలు. ఇంటికి వచ్చేదాకా ఆగేదాన్ని కాదు. దేవుడికి నాలుగు పక్కన పెట్టి మిగతావి కార్లోనే తినేసేదాన్ని.

"స్ట్రాబెర్రీ" అన్నాను. తమ్ముడు నవ్వలేదు.

మొన్న శనివారం మనవరాలు ఆద్యను తీసుకుని సంతకు వెళ్లాను. స్ట్రాబెర్రీలమ్మే పెద్దావిడ ఏటా ఇచ్చినట్టే రుచి చూడమని ఒకటి నా చేతిలో పెట్టింది. ఎర్రగా, ఎండకు ఇంకా వెచ్చగా ఉంది. నోట్లో నీళ్లూరాయి... దాన్ని ఆద్యకిచ్చాను.

"యూ లవ్ దీస్ అమ్మమ్మా. జస్ట్ వన్. గాడ్ వోంట్ మైండ్" అంది.

"దేవుడు ఏమీ అనుకోడమ్మా. నేనే ఇచ్చేశాను. నువ్వు తిను."

తింది. గడ్డం మీదికి రసం కారింది. కొంగు లేదు, చున్నీతో తుడిచాను. కన్ను తిప్పుకోబుద్ధి కాలేదు... అమ్మ మా మొహాల్లో ఏం తినేదో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఏ పండైనా ఏడాది పొడుగునా షాపులో ఉంటోంది. ఎదురుచూడటమూ లేదు, వదులుకోవటమూ లేదు...

మీ ఇంట్లో ఎవరు ఏ పండు వదిలారు? వాళ్లు మిమ్మల్ని తినమని కూర్చోబెట్టిన రోజు గుర్తుంటే చెప్పండి...