కుడిచేతికి కట్టిన పట్టీ

మా ఆయన పద్మనాభన్ ఇస్త్రీ మనిషి. ముత్తియాల్‌పేటలో మా వీధి మూల, తోపుడుబండి మీద బొగ్గుల ఇస్త్రీపెట్టెతోనే వయసంతా గడిపాడు. ఊపిరితిత్తుల్లో క్యాన్సరొచ్చి, ఒక పక్క కొంత కోసి తీసేశాక జబ్బు పోయిందన్నారు డాక్టర్లు. జబ్బు పోయింది గానీ ఆయాసం పోలేదు. బొగ్గుల పొగ దగ్గరికే పోవద్దన్నారు, ఇస్త్రీ ఆగిపోయింది. స్నానాల గది దాకా వెళ్లొస్తే చాలు, గోడ పట్టుకుని నిలబడేవాడు. చూసి చూసి నాకూ ఒంట్లో సత్తువ లేకుండా పోయింది.

మాటిమాటికీ తిరగలేమంటే, ఆసుపత్రివాళ్లు ఫోన్లోనే వ్యాయామం నేర్పే ఏర్పాటు చేశారు. నేర్పే అమ్మాయి పల్లవి, యానాం పిల్ల. పెదాలు సన్నగా చేసి ఊపిరి వదలమంటుంది, కూర్చుని చేతులెత్తమంటుంది, ఇంట్లోనే మెల్లగా నడవమంటుంది. నడకను లెక్కపెట్టి, ఆ లెక్క తన ఫోన్‌కు చేరవేసే పట్టీ ఒకటి పంపి, ఎడమచేతికి కట్టుకోమంది. ఈయన వింటేనా! మగవాడికి కంకణమైనా కాపైనా కుడిచేతికేనంటూ, దేవుడి పటం ముందు పెట్టి, విభూతి పూసి, కుడిచేతికే కట్టుకున్నాడు.

నేను పొద్దున్నే రెండిళ్లలో వంటకు పోతాను. మధ్యాహ్నం వచ్చేసరికి ఈయన మంచం మీదే ఉండేవాడు. అలాంటిది, ఒక శుక్రవారం పల్లవి ఫోన్లో తెగ సంబరపడిపోయింది.

“అంకుల్ భలే నడుస్తున్నారండీ ఆంటీ! ఇక కాస్త మెట్లెక్కించి చూద్దాం.”

నాకు నమ్మబుద్ధి కాలేదు. అయినా చదువుకున్న పిల్ల, పైగా మిషను చెబుతోంది, కాదనడానికి నేనెవరిని? పల్లవి ఫోన్లో చూస్తుండగానే మిద్దె మెట్లు సగమైనా ఎక్కాడో లేదో, కూలబడ్డాడు. పెదాలు నల్లబడ్డాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పల్లవి పాపం ఫోన్లోంచే ముందుకు వంగమని, ఊపిరి మెల్లగా వదలమని చెబుతూ ఆయన తేరుకునేదాకా ఫోన్ పెట్టేయలేదు.

ఆ సాయంత్రమే వెనకవీధి అయ్యాసామి మా గుమ్మంలో నిలబడ్డాడు.

“అక్కా, అన్న ఇస్త్రీ జేసిన చొక్కా సూపరు. రేపు ఇంకో రెండు తెస్తా.”

అప్పుడర్థమైంది. నేనటు పోగానే ఈయనిటు బొగ్గులు రాజేస్తున్నాడు. పెట్టెను ముందుకీ వెనక్కీ తోసినప్పుడల్లా కుడిచెయ్యి ఊగుతుంది, పట్టీ అదంతా నడకే అనుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పనికి పోయినట్టే పోయి, వెనక్కి తిరిగొచ్చాను. మూల మీద పొగ. ఆ పొగలో ఈయన, దగ్గుతూ.

“ఏందయ్యా ఇది? నువ్వు నడస్తాండావనుకోని ఆ పిల్ల మెట్లెక్కమనింది. నిన్న సచ్చుంటే?”

“అరవొద్దే. ఇంట్లో సుమ్మా, ఊరికినే కూసోని ఏం జేసేది? వచ్చినోళ్లంతా ‘ఒళ్లెట్లుండాది’ అంటారు. ఈడైతే ‘నా చొక్కా అయిందా’ అంటారు. ఆ మాట కోసరమే వస్తాండా.”

జాలేసింది, కోపమూ పోలేదు. అసలు నాకు అరిచే ఓపికే లేదు. ఆయన్ని పొగకు దూరంగా జరిపి, పక్కింటి బిందె తెచ్చి బొగ్గుల మీద నీళ్లు కుమ్మరించాను. ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“ఏడువు. ఏడిచేదానికైనా ఊపిరి కావాల గదా,” అన్నాను. ఆ బండి పక్కనే, అందరూ చూస్తుండగా, నేనూ కూర్చుని ఏడ్చాను.