రెండో బయానా

మా అమ్మ హంపమ్మను మా గల్లీల అందరు దేవత అంటరు. ఇల్లు అమ్ముకున్న ముసలాయనకు అదే ఇంట్ల జాగా ఇచ్చిందట, రెండు పూటలు రొట్టె పెడుతుందట, గింత పెద్ద మనసు ఎవరికుంటదట. నాకైతే నవ్వొస్తది. మా అమ్మ మనసు ఎంత పెద్దదో, అండ్ల ఏమున్నదో నాకు తెలుసు. వినుండ్రి, మీరే చెప్పుండ్రి.

ఇడపనూరు నుంచి మేం రాయచూరుకు వచ్చినప్పుడు నాకు ఆరేండ్లు. శక్తినగరుల కరెంటు కార్ఖానా అప్పుడే లేస్తుండె. మా నాయిన బీరప్ప అండ్ల కంట్రాక్టు కూలికి కుదిరిండు. కార్ఖానా నడువబట్టినంక బొగ్గు పని. పొద్దుగాల తెల్లంగి తొడుక్కొని పోతుండె, మాపటికి గుర్తువట్టరాకుంట వస్తుండె. మహదేవప్ప సావుకారి ఇంటి వెనక రెండు అర్రలు మాకు కిరాయికి దొరికినయి. ముందలంత ఆయన, ఆయన పెండ్లాం, పిల్లలు ఉంటుండిరి.

అమ్మ జొన్నరొట్టెలు కొట్టి అమ్ముతుండె. ఫస్టు షిఫ్టు బస్సు అయిదున్నరకు మా గల్లీ మూల మీద ఆగేది. ఆ బస్సెక్కే కూలోళ్ల డబ్బలన్నిట్ల మా అమ్మ రొట్టెలే, మా అమ్మ నూరిన ఎల్లిగడ్డ కారమే.

ఒకనాడు సావుకారే నాయిన్ను పిలిచి అన్నడు, "వెనక అర్రలు మీకే అమ్ముత బీరప్పా. నలభై వేలు. అయిదు వేలు బయానా కట్టు, మిగిలింది మెల్లగ ఇయ్యి." నాయిన ఎగురుకుంట ఇంట్లకొచ్చిండు. అయిదు వేలంటే మాకు మూడేండ్లు పట్టింది. మూడేండ్లు మా ఒంటి మీద కొత్త బట్ట పడలే. నాయిన బీడీలు మానిండు. అమ్మ మంచి రొట్టె నోట్ల పెట్టలే, మాడింది, చినిగింది, బస్సోళ్లు వద్దన్నది తింటుండె. ఆఖరుకు ఒక సోమవారం సావుకారి ఇంట్ల దేవుని పటం ముంగట పళ్లెంల ఆకులు, వక్కలు, టెంకాయ పెట్టి, వాటి మీద ఆ పైసలు పెట్టి ఇచ్చిండ్రు.

"కాగితం రాస్కుందామా సావుకారీ?" అని నాయిన నసుగుకుంట అడిగిండు.

"మనల మనకు కాగితమేంది బీరప్పా? దేవుని ముంగట ఆకువక్క పుచ్చుకున్న గద. రిజిస్ట్రీ సంగతి చూద్దాం."

చూద్దాం. ఈ మాట యాది పెట్టుకోండ్రి. నాయినకు ఆ పొద్దు రెక్కలొచ్చినయి. రాత్రికి గోడలన్నీ తడిమి తడిమి చూసిండు, ఈడ మేకు కొడ్త, ఈడ అల్మార పెడ్త అనుకుంట.

రెండు నెలలు తిరగలే. మే నెల. షిఫ్టు దిగి వస్తుంటే బస్సు కాడ్నే ఛాతి పట్టుకొని కూలబడ్డడట. దవాఖానకు తీస్కపోయేసరికే పానం పోయింది. తోటి కూలోళ్లు నాయిన్ను ట్రాలీ రిక్షాల పండవెట్టి ఇంటికి తెచ్చిండ్రు. సావుకారి ముందలి గడప మీద రెండు చేతులు అడ్డం పెట్టి నిలబడ్డడు.

"కిరాయోళ్ల పీనుగ ఇంట్లకు రావద్దు. వస్తే ఇల్లు ఆర్నెల్లు మూసుకోవాలె. నాకు పిల్లలున్నరు."

"కిరాయోళ్లమేంది సావుకారీ? బయానా ఇస్తిమి గద! ఇది మా ఇల్లే గద!" అన్నది అమ్మ.

"రిజిస్ట్రీ అయ్యేదాంక కిరాయోళ్లే."

అమ్మ ఆయన కాళ్ల మీద పడ్డది. "ఒక్క గంట సావుకారీ. వెనక తలుపు నుంచి తెస్త. నీళ్లు పోసి తీస్కపోత. లోపలికి రానియ్యి."

"చూద్దాం, ఇంట్ల అడిగొస్త," అని లోపలికి పోయిండు. ముందలి తలుపు, వెనక తలుపు రెండు లోపల్నుంచి పెట్టుకున్నడు. మళ్ల తియ్యలే.

మురికినీళ్ల మోరీ పక్కన రోడ్డు మీద దించిండ్రు మా నాయిన్ను. ఎండకు డాంబరు మెత్తగయింది. నీడకని అమ్మ తన రెండు చీరెలు కట్టెలకు కట్టింది. రోడ్డు మీదనే స్నానం పోసిండ్రు. పోసిన నీళ్లు బొగ్గుతోని నల్లగ మోరీలకు పోతుండె. ఆటోలు ఆగి చూస్తుండె, బస్సు కిటికీలల్లకెల్లి జనం తొంగి చూస్తుండె. నాకు పన్నెండేండ్లు. ఏడుపు కంటె ముందు నాకు సిగ్గయింది. మా నాయిన్ను చూసి నేను సిగ్గుపడ్డ! అది యాదికొస్తే ఇప్పటికీ నా ఒళ్లు మండుతది. ఆ సిగ్గు నాకు అంటగట్టినోడు ఆ సావుకారి.

దినాలయిన తెల్లారే ఖాళీ చెయ్యమన్నడు. అమ్మ బయానా అడిగింది.

"ఏడి బయానా? కిరాయి బాకీకి, ఇల్లు శుద్ధి చేయించినదానికి సరిపాయె."

"లోపలికే రాని పీనుగకు శుద్ధేంది సావుకారీ?"

మా దగ్గర కాగితం లేదు, ఎవరికి చెప్పుకుంటం? అమ్మ రొట్టెల బండ నెత్తిన పెట్టుకున్నది, నా చెయ్యి పట్టుకున్నది. వాకిట్ల ఆగి, ఎనుకకు తిరిగి అన్నది, "ఈ గడప నేను కొంట, చూస్తుండు." సావుకారి పకపక నవ్విండు. "కొను, కొను. రొట్టెలు కొట్టి కొను."

అంతే. ఆ నవ్వు మా అమ్మ చెవుల్లనే ఉండిపోయింది.

టేషను ఎనుక ఒక రేకుల అర్రల పడ్డం. పన్నెండేండ్లు. మా అమ్మ రెండు షిఫ్టులకు రొట్టెలు కొట్టబట్టింది. రెండు అరచేతులు కాయలు గాసి నా చెంప నిమిరితే గీసుకపోతుండె. బంధువుల పెండ్లిండ్లకు పోలే, పోతే చదివింపులు పెట్టాలె గద. నడుమ ఒకసారి యరగేరల ప్లాటు సగం ధరకే వస్తుందని తెలిసింది. నేను అమ్మ ఎంబడి పడ్డ, "తీసుకుందామే, మనకంటూ ఒక ఇల్లు కట్టుకుందాం" అని. అమ్మ పిండి పిసుకుకుంటనే అన్నది, "నాకు ఇల్లు వద్దే కావేరీ. నాకు ఆ ఇల్లు గావాలె."

ఆ పొద్దు నాకు భయమయింది, నిజం చెప్తున్న.

నాకు సర్కారు దవాఖానల నర్సు నౌకరి దొరికింది. బ్యాంకోళ్లు ఇంటికి లోను ఇస్తమన్నరు, గని బయానా మాత్రం మన చేతిలకెల్లి కట్టాలె. నా జీతంల నుంచి ఇస్తనంటే అమ్మ కస్సుమన్నది. "లోను నువ్వు కట్టు, నేను కాదన. బయానా మాత్రం నాది. పోయింది రొట్టెల పైసలు, పెట్టేది గూడ రొట్టెల పైసలే."

అమ్మ కోరుకున్న రోజు రానే వచ్చింది. సావుకారి కొడుకు అమరేశ్ పత్తి యాపారంల మునిగిండు, ఇల్లు అమ్మకానికి పెట్టిండ్రు. దళారి వాదిరాజుకు అమ్మ ఒకటే మాట చెప్పింది, "నా పేరు చెప్పకు." బయానా రోజు సావుకారి చేతుల పళ్లెం పట్టుకొని వాదిరాజు ఇంటికి వచ్చిండు. అండ్ల ఆకులు, వక్కలు, టెంకాయ. బల్లకు అవుతల కూసున్న మనిషిని చూసి ఆడ్నే కొయ్యబారిండు.

"ఆకులు పక్కకు పెట్టు సావుకారీ. స్టాంపు కాగితం తియ్యి," అన్నది మా అమ్మ.

ఆయన మొఖం చూసి నా కడుపు చల్లబడ్డది. తప్పేంది? లేచి పోతడనుకున్న, పోలే. అప్పులోళ్లు బయటనే కూసున్నరు మరి. సంతకం పెట్టిండు.

రిజిస్ట్రీ అయినంక అమరేశ్ పెండ్లాన్ని తీస్కొని గోరేబాళల అత్తగారింటికి పోయిండు. తండ్రిని తోలుకపోలే. సావుకారి పెండ్లాం అంతకు ముందే పోయింది. ముసలాయన ఒక్కడే వచ్చి వాకిట్ల నిలబడి అడిగిండు, "హంపమ్మా, వెనక అర్ర నాకు కిరాయికి ఇస్తవా?"

నా నోటికి ఏమేమో వచ్చినయి. నేను అనేలోపలనే అమ్మ, "ఇస్త," అన్నది.

ఆ పొద్దంత నేను అమ్మతోని లొల్లి పెట్టుకున్న. నీకు మతి పోయిందా, వాడు మా నాయిన్ను మోరీ పక్కన పడేసిండే అని ఒర్లిన. అమ్మ నవ్వింది. గల్లీ వాళ్లు మా అమ్మకు దండం పెట్టుడు అప్పుడే మొదలయింది.

మొదటి వానలకు సావుకారికి దమ్ము ఎక్కువయింది, ఊపిరి సరిగ ఆడుతలేదు. ఒక పొద్దుగాల గోడ పట్టుకుంట వంటింటి కాడికి వచ్చిండు. అమ్మ రొట్టె కొడుతున్నది.

"హంపమ్మా, ఒక్క మాట. దవాఖానల నాకేమన్న అయితే... లోపలికి రానిస్తవా?"

అమ్మ తల ఎత్తలే. చెయ్యి ఆపలే. "చూద్దాం సావుకారీ," అన్నది.

అప్పటి సంది మూడేండ్లు, రోజూ అదే అడుగుడు, అదే జవాబు. కిరాయి ఒకటో తారీఖుకు తెచ్చి రెండు చేతులతోని ఇస్తడు, ఇచ్చి అదే అడుగుతడు. పండుగకు అమ్మకు చీరె తెచ్చి అడిగిండు. చీరె తీసుకున్నది, చూద్దామన్నది. మనిషి సగమయిండు. దవాఖానకు పోదాం రా అని నేనే పిలిచిన ఎన్నిసార్లో, రాడు. బయట పానం పోతే మళ్ల ఇంట్లకు రానియ్యరని ఆయన భయం. మందులు ఇస్తె మింగుతడు గని గడప దాటడు. ఆ ఛాతికి నా మందులు సాలవని నాకు తెలుసు.

పోయిన వారం ఆయన దమ్ము గోడ ఇవుతలకు ఇనవడ్డది. నాకు ఆగలే. "అమ్మా, నా మీద ఒట్టు, నిజం చెప్పు. ఆయన్ను రానియ్యవా?"

అమ్మ నన్ను వింతగ చూసింది. "పిచ్చిదానా! ముందర్రల పండవెడ్త. నీళ్లు నేనే కాగబెడ్త. మీ నాయినకు జరగనియన్నీ ఆయనకు జేస్త."

నా గుండెల మీదకెల్లి బండ దిగినట్టయింది. "మరి ఆ మాట చెప్పరాదూ? పాపం, దవాఖానకన్న వస్తడు."

అమ్మ చెయ్యి ఆగింది. "చెప్ప. నాకు తెలిస్తే చాలు, ఆయనకు తెల్వొద్దు. నువ్వు చెప్పినవో, నా బిడ్డవే గాదు."

మళ్ల రొట్టె కొట్టబట్టింది.

నిన్న డ్యూటీకి పోతుంటే సావుకారి ముందలి తలుపు చెక్క పట్టుకొని నిలబడ్డడు. పెదవులు నీలంగున్నయి. నర్సును, ఆ నీలం అంటే ఏందో నాకు తెల్వదా? "కావేరమ్మా, నువ్వన్న చెప్పు. మీ అమ్మ లోపలికి రానిస్తదా?"

ఒక్క మాట అంటే నా ఎంబడి ఆటో ఎక్కుతుండె. అందామని నోరు తెరిచిన. ఆయన ఎనుక వాకిలి, వాకిలి అవుతల రోడ్డు, మోరీ. ఆ మోరీలకు నల్లగ పోయిన నీళ్లు.

"చూద్దాం సావుకారీ," అన్న. డ్యూటీకి ఆలస్యమవుతుందని గేటు పెట్టి పోయిన.