పోపు వాసన రాలేదని

లాక్‌డౌన్‌లో పోపు ఘాటుకు నేను దగ్గితే ఇరుగుపొరుగు కరోనా అనుకుంటారని, జర్మనీలో ఎర్లాంగెన్ ఊళ్ళోని మా ఫ్లాటులో కిటికీలు మూసి వండటం మొదలుపెట్టాను. మర్నాడే, పై అంతస్తులో ఒంటరిగా ఉండే స్కాట్లాండ్ పెద్దాయన మాస్కు పెట్టుకుని దిగివచ్చి తలుపు కొట్టాడు. ఫిర్యాదే అనుకుని, "సారీ అండీ, ఇకపై వాసన రాదు" అన్నాను.

"రాలేదనే వచ్చానయ్యా! చిన్నప్పుడు మా పల్లెలో పొద్దున్నే అందరి పొగగొట్టాలూ చూసేవాళ్ళం. ఏ ఇంటి పొగ లేవకపోతే ఆ ఇంటికి పరుగెత్తేవాళ్ళం. నీకేమైందోనని..."

ఆయాసంతో మెట్లమీదే కూర్చున్నాడు.

ఇన్నాళ్ళూ నా దగ్గు గురించే బెంగపడ్డాను కానీ, ఆయన ఎలా ఉన్నాడోనని ఒక్కసారీ మెట్లెక్కలేదు. సిగ్గుపడి, "మరి మీరు బాగున్నారని నాకెలా తెలుస్తుంది?" అని అడిగాను.

"కిటికీ తెరిచి పోపు వెయ్యి. పైన నేను దగ్గితే బతికున్నట్టే!"